జపనీస్ కబుర్లలో ‘అర్థమైంది’ అన్నా పని తప్పుతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: స్నేహితులు చెప్పినదానికి ‘ఉన్, ఉన్’ అంటూ తలూపారు. తీరా చూస్తే రోజు తప్పింది, లేదా చోటు తప్పింది.

కారణం: జపనీస్‌లో ‘ఉన్’, ‘హై’ చాలాసార్లు మన ‘ఊఁ’ లాంటివి. వింటున్నానని చెప్తాయి, అంతే. ‘వకత్త’ (అర్థమైంది) అన్నా ఏం అర్థమైందో ఎదుటివారికి తెలియదు. పైగా అక్కడ కాదనడం కూడా మెత్తగా ఉంటుంది. ‘అషిత, చొత్తొ మురి కమొ’ అంటే పైకి ‘రేపు కాస్త కష్టమేమో’. చాలా సందర్భాల్లో రానని చెప్పడమే.

పరిష్కారం: మీకు అర్థమైనది తిరిగి చెప్పి చివర ‘త్తె కొతొ?’ తగిలించండి. ‘జా, అషిత కొనై త్తె కొతొ?’ అంటే ‘అయితే రేపు రావనా?’ మన ‘అంటే... అనా?’ అచ్చం ఇలాగే నడుస్తుంది కాబట్టి ఇంగ్లిష్ మీదుగా వెళ్లక్కర్లేదు, తెలుగులో అనుకున్న వరుసలోనే చెప్పేయండి. ముందు వచ్చే క్రియ మామూలు రూపంలో ఉండాలి: ‘ఇకు త్తె కొతొ?’ (వెళ్తావనా?). నామవాచకమైతే నేరుగా అతికించవచ్చు: ‘యసుమి త్తె కొతొ?’ (సెలవనా?). ‘యసుమి దెసు త్తె కొతొ?’ అంటే మర్యాద రూపం, చనువు రూపం కలిసిపోయి ఎబ్బెట్టుగా ఉంటుంది. చివరి ‘తొ’ దగ్గర గొంతు లేపడం మరవద్దు. లేపకపోతే ప్రశ్న కాస్తా తీర్పులా వినిపిస్తుంది.

సమస్య: మామూలుగా అడిగినా ఎదుటివారు నొచ్చుకున్నారు.

కారణం: ‘దో యూ కొతొ?’ (ఏంటి సంగతి?) అని గొంతు దించి అంటే నిలదీసినట్టుంటుంది. రెండో కారణం మన ‘కదా’. దాని చోట ‘నె’, ‘యొనె’, ‘దెషొ’ మూడూ వస్తాయి, కానీ మూడూ ఒకటి కాదు. ఇద్దరి కళ్ల ముందూ ఉన్నదానికి ‘నె’: కలిసి తింటూ ‘ఒఇషీ నె’ (బాగుంది కదా). మీకు తెలిసిందే సరిచూసుకోవడానికి ‘యొనె’: ‘షూగో, ఎకిమఎ ద యొనె?’ (కలిసేది స్టేషన్ ముందే కదా?). ‘దెషొ?’కి మాత్రం ‘నేను ముందే చెప్పలేదా!’ అన్న దెప్పు సులువుగా వచ్చేస్తుంది.

పరిష్కారం: ముందే తెలిసినదానిపై అనుమానంగా ఉంటే ‘యొనె’ వాడండి. ఇప్పుడే విని అర్థం చేసుకున్నదైతే ‘త్తె కొతొ?’ వాడండి. పై అధికారితో ఈ రెండూ వద్దు, ‘తొ యూ కొతొ దెసు క?’ అనండి.

సమస్య: ‘రావా?’ అని అడిగితే ‘ఉన్’ అన్నారు. వస్తున్నట్టా, రానట్టా?

కారణం: ‘కొనైనొ?’ (రావట్లేదా?)కు ‘ఉన్’ అంటే రావట్లేదని, మనం ‘ఆఁ, రావట్లేదు’ అన్నట్టే. కానీ గొంతు లేపి ‘కొనై?’ అంటే సాధారణంగా అది పిలుపు. దానికి ‘ఉన్’ అంటే వస్తానని.

పరిష్కారం: మీరు జవాబు చెప్పేటప్పుడు ఒక్క మాటతో వదలకండి. ‘ఉన్, ఇకు’ (ఆఁ, వెళ్తా), ‘ఉన్, ఇకనై’ (ఆఁ, వెళ్లను) అని క్రియ జోడించండి.

సమస్య: గంట తారుమారు.

గోలలోనో ఫోన్లోనో ‘ఇచిజి’ (1 గంట), ‘షిచిజి’ (7 గంటలు) ఒకేలా వినిపిస్తాయి. ‘ననజి?’ అని తిరిగి అడగండి. 7ని ‘నన’ అనడం జపనీయులూ చేసేదే.

ఇంతా చేశాక వచ్చే జవాబును కూడా సరిగ్గా వినాలి. ‘సో సో!’, ‘సో యూ కొతొ’ అంటే మీరు పట్టుకున్నది సరైనదే. ‘మా, సొన్న కన్జి’ అంటే ఇంచుమించు అంతే, ఇంకో ప్రశ్న అడగండి. ‘ఇయ, సో జ నకుతె...’ అంటే కాదు, సవరణ వస్తోంది, మధ్యలో అందుకోవద్దు. సాగదీసిన ‘ఊఊన్...’ ఒప్పుకోలు కాదు, ఆగి, చెప్పనివ్వండి.