లాగ్ క్యాబిన్ బొంత: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేయాలి

పర్లాకిమిడిలో మా ఇంట్లో ఉన్నది తొక్కుడు మిషన్. సూదికీ మిషన్ మెడకూ మధ్య జానెడు చోటు కూడా ఉండదు. డబుల్ కాట్ బొంతను చుట్టచుట్టి అందులో దూర్చడం నా వల్ల కాలేదు. అందుకే ఒక్కో గడిని అస్తరు, దూది, పైపట్టీలు మూడూ కలిపి అప్పటికప్పుడే కుట్టేసి, చివర్లో గళ్ళన్నీ జోడించే పద్ధతి పట్టుకున్నాను. దీన్ని క్విల్ట్ యాజ్ యూ గో అంటారు.

లాగ్ క్యాబిన్, అంటే దుంగల ఇల్లు, నమూనా 1860ల్లో అమెరికాలో బాగా వ్యాపించింది. నడుమ చిన్న చదరం, దాని చుట్టూ దుంగలు పేర్చినట్టు పట్టీలు. పక్కపక్కనే ఉన్న రెండు వైపులు లేత రంగులు, మిగతా రెండు వైపులు ముదురు. నడుమ ఎర్ర ముక్క వేస్తే అది ఇంటి పొయ్యి అంటారు. మహేంద్రగిరి వైపు నుంచి చలి దిగే రోజుల్లో కప్పుకునే బొంతకు అంతకన్నా మంచి గుర్తు ఏముంటుంది!

నా కొలతలు ఇవి. నడిమి ముక్క రెండున్నర అంగుళాలు. పట్టీలు 2 అంగుళాల వెడల్పు, చివరి వరస మాత్రం రెండుంపావు. నాలుగు వరసలు, గడికి 16 పట్టీలు. పూర్తయిన గడి 15 అంగుళాలు. అడ్డంగా 6, నిలువుగా 7, మొత్తం 42 గళ్ళు. అంటే 672 పట్టీలు. ఇంత పనిలో చిన్న తేడా కూడా పెద్దదవుతుంది.

గళ్ళు ఒకే సైజులో రావడం లేదు

అందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. పట్టీలు కుట్టేటప్పుడు పావు అంగుళం మార్జిన్ అన్నిచోట్లా ఒకేలా పడకపోవడమే కారణం. గడికి అడ్డంగా 8 కుట్లు వస్తాయి. ఒక్కో కుట్టులో మార్జిన్ 1 మిల్లీమీటరు ఎక్కువైతే రెండు బట్టలూ చెరో మిల్లీమీటరు లోపలికి పోతాయి. అలా గడి 16 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఆరు గళ్ళకు దాదాపు 10 సెంటీమీటర్లు! దీనికి తోడు దూది మందం కూడా కాస్త బట్టను లాక్కుంటుంది.

మిషన్ పలక మీద సూదికి సరిగ్గా పావు అంగుళం దూరంలో టేపు ముక్క అంటించండి. అస్తరు, దూది 17 అంగుళాలు కత్తిరించి, మూల నుంచి మూలకు రెండు గీతలు గీయండి. నడిమి ముక్క మూలలు ఆ గీతల మీద కూర్చోవాలి. ప్రతి వరస అయ్యాక కొలవండి: ఐదున్నర, ఎనిమిదిన్నర, పదకొండున్నర, చివరికి 15. మూడు పొరల్లోంచి పడిన కుట్టు విప్పడం నరకం, కాబట్టి తప్పును ఆ వరసలోనే పట్టుకోవాలి. అంచులు మాత్రం అన్నీ అయ్యాకే, 15 అంగుళాల అట్ట పెట్టి కత్తిరించండి. గడి చిన్నదైతే చివరి వరస విప్పి వెడల్పు పట్టీ వేయండి.

గడి గాలిపటంలా ఒక పక్కకు వాలిపోతోంది

మా ఆడపడుచు కూడా ఇదే అడిగింది: "వదినా, చుట్టూ తిప్పి కుడుతుంటే వంకర పోతోందేంటి?" తను పొడుగు పట్టీ పెట్టి కుట్టి, చివర్లో మిగిలింది కత్తిరిస్తోంది. అలా చేస్తే కుట్టేటప్పుడు పట్టీ సాగి, ప్రతి వరసలో కాస్త ఎక్కువ పొడవు చేరుతుంది. పట్టీలన్నీ ముందే కొలిచి కత్తిరించుకోవాలి. మొదటిది రెండున్నర, తర్వాతి రెండూ 4, ఆపై రెండూ ఐదున్నర, అలా రెండేసి చొప్పున అంగుళంన్నర పెంచుతూ 12వ పట్టీ పదకొండున్నర. చివరి వరస పదకొండున్నర, పదమూడుంపావు, పదమూడుంపావు, 15.

పాత చీరలైతే అంచుకు సమాంతరంగా కత్తిరించండి. నిలువు పోగు సాగదు, అడ్డపోగే సాగుతుంది.

వెనక అస్తరు ముడతలు పడుతోంది

మా పక్కింటి ఒడియా మౌసి కంథాలు (పాత బట్టల చేతికుట్టు బొంతలు) కుట్టి కుట్టి పండిన మనిషి. నా మొదటి గడి తిప్పి చూసి, "బట్ట మెత్తగా ఉంటే నీ మాట వినదమ్మా, గంజి పెట్టు" అంది. పెట్టాను, సగం ముడతలు అక్కడే పోయాయి. మిగతా సగానికి నడిమి నుంచి అంచులకు టాకాలు వేయండి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచండి, బట్టను నొక్కి పట్టే మిషన్ పాదం ఒత్తిడి కాస్త తగ్గించండి. అప్పటికీ ముడత పడితే దారం టెన్షన్ చూడండి.

జోడించిన చోట గుంటగా ఉంది

ఇది నేను సగం బొంత అయ్యాక గమనించాను, చాలా బాధేసింది. గళ్ళ మధ్య పైన 2 అంగుళాల పట్టీ (వెనక అతుకును మూసేది మరో పట్టీ) వేసి, అలవాటుగా పావు అంగుళం మార్జిన్‌తోనే కుట్టాను. పట్టీ పైకి అంగుళంన్నర కనబడుతుంది, కింద రెండు గళ్ళ మార్జిన్లు కలిసి అర అంగుళమే. నడుమ అంగుళం మేర దూది లేదు.

జోడించేటప్పుడు అర అంగుళం మార్జిన్ వేయాలి. అప్పుడు పట్టీ ఒక అంగుళం కనబడుతుంది, రెండు మార్జిన్లూ దాని కింద సరిగ్గా ఎదురెదురుగా వచ్చి నిండుతాయి. చివరి వరస పట్టీలు పావు అంగుళం ఎక్కువ పెట్టింది ఇందుకే. ఇప్పటికే కుట్టేసి ఉంటే విప్పకండి. వెనక పట్టీ మూసే ముందు అంగుళం వెడల్పు దూది ముక్కను ఆ సందులో పరచండి. నేను అలాగే చేశాను, ఇప్పుడు తడిమినా తేడా తెలియదు.

వెనక పట్టీ కుట్టు గీతను దాటి రావడం లేదంటే అది కూడా 2 అంగుళాలే కత్తిరించారన్నమాట. రెండుంపావు తీసుకోండి.

నమూనా మధ్యలో తిరగబడింది

కొన్ని గళ్ళు కుడివైపు, కొన్ని ఎడమవైపు తిప్పి కుట్టి ఉంటారు. జోడించే ముందు అన్నీ నేల మీద పరిచి, ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. లేత, ముదురు తేడా అందులో స్పష్టంగా కనబడుతుంది.

ఉతికితే ఎరుపు దిగింది

ఒక కొట్టులో కొన్న ఎర్ర బట్ట నా లేత పట్టీలను గులాబీ చేసింది. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్ళలో చెబుతారు కానీ నిలవదు. నీళ్ళు తేటగా వచ్చేదాకా ముందే విడిగా ఉతకడమే దారి. దిగిపోయిందా, ఆరనివ్వకండి, ఇస్త్రీ చేయకండి. వెంటనే పెద్ద గాబు నిండా నీళ్ళు, సబ్బు పొడి వేసి నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉండండి. నాకు మూడు సార్లు మార్చాక వదిలింది.

నాలుగు గళ్ళు కలిసే మూల దగ్గర సూది విరుగుతోంది

అక్కడ పొరలు ఎక్కువ. 16 నంబరు సూది వేయండి, మార్జిన్‌లోని దూది కాస్త కత్తెరతో తీసేయండి, ఆ అంగుళం మేర తొక్కుడు పలక మీంచి కాలు తీసి చక్రం చేత్తో తిప్పండి.