కారు స్టార్టు కాకపోతే స్టార్టర్ మోటారును ఇంట్లోనే పరీక్షించుకోవడం

తాళం తిప్పినా ఇంజను తిరగనప్పుడు స్టార్టర్ మోటారును విప్పే ముందు బ్యాటరీని చూడాలి, ఎందుకంటే చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. వెలుగు బాగా తగ్గి టకటకమని వరుసగా చప్పుడు వస్తే బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినళ్లకు తెల్లని పొడి పట్టిందనో, వదులయ్యాయనో అనుకోవచ్చు. వెలుగు తగ్గకుండా ఒక్కసారే టక్కుమంటే అనుమానం స్టార్టర్ మీదికి, దాని సొలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్) మీదికి మళ్లుతుంది.

బ్యాటరీ పాజిటివ్ నుంచి వెళ్లే లావుపాటి తీగను అనుసరిస్తే, ఇంజను, గేర్‌బాక్సు కలిసేచోట, వీపున చిన్న డబ్బా మోస్తున్న గుండ్రటి మోటారు కనిపిస్తుంది. ఆ డబ్బాయే సొలినాయిడ్.

హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి మల్టీమీటరు పట్టుకోండి. నిండుగా చార్జయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. మరొకరు తాళం తిప్పుతుండగా సొలినాయిడ్‌కు వచ్చే సన్నని తీగ దగ్గర కొలిచినప్పుడు, దాదాపు బ్యాటరీ వోల్టేజీయే వస్తూ, లావు తీగలు, ఎర్త్ కనెక్షన్ బాగున్నా మోటారు కదలకపోతే లోపం స్టార్టర్‌లోనే ఉంది. అక్కడ ఏమీ రాకపోతే రిలే (ఆ సన్నని తీగకు కరెంటు పంపే చిన్న విద్యుత్ స్విచ్), ఫ్యూజు, క్లచ్ స్విచ్ (క్లచ్ తొక్కితేనే స్టార్టు కానిచ్చేది) చూడాలి.

మోటారు విప్పాల్సి వస్తే ముందుగా నెగటివ్ టెర్మినల్ తీసేయండి. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు.