పైది కిందికి, కిందిది పైకి: ఇన్వర్టిబుల్ కౌంటర్‌పాయింట్ రాసేముందు జాగ్రత్తలు

కౌంటర్‌పాయింట్ అంటే ఒకేసారి నడిచే వేర్వేరు స్వర వరసల (వాయిస్‌ల) అల్లిక. ఇన్వర్టిబుల్ అంటే రెండు వాయిస్‌లను తారుమారు చేసినా వినసొంపుగానే ఉండాలి, పని అంతే. పెన్సిల్ పట్టేముందు ఇవి చూసుకోండి.

• ఏ ఇంటర్వెల్‌లో (రెండు స్వరాల మధ్య దూరంలో) తిప్పుతారో ముందే తేల్చుకోండి. కొత్తవాళ్లకు ఆక్టేవ్ (స నుంచి పై స దాకా) చాలు.

• పేపరు అంచున లెక్క రాసుకోండి. ఆక్టేవ్‌లో తిప్పకముందు ఇంటర్వెల్ అంకె, తిప్పాక వచ్చే అంకె కలిపితే 9 రావాలి: థర్డ్ సిక్స్త్ అవుతుంది, సెకండ్ సెవెన్త్ అవుతుంది.

• అసలు గండం ఫిఫ్త్‌తోనే. కింద స, పైన ప మోగించండి, హాయిగా ఉంటుంది. ఇప్పుడు స ను ఆక్టేవ్ పైకి ఎత్తండి. ప కింద పడింది, మిగిలింది ఫోర్త్. రెండే వాయిస్‌లున్నప్పుడు అది అపస్వరం కిందే లెక్క. కాబట్టి ఫిఫ్త్‌ను మొదటినుంచీ అపస్వరంలాగే నడపండి, పాసింగ్ నోట్‌గానో (రెండు స్వరాల మధ్య దాటిపోయే స్వరం) సస్పెన్షన్‌గానో (ముందు స్వరాన్ని పట్టి ఉంచి తర్వాత కిందికి దించడం). విజయవాడ గవర్నర్‌పేటలో కీబోర్డు నేర్చుకునే రోజుల్లో ఇది పట్టించుకోకుండా రాత్రంతా కూర్చుని 16 బార్లు (తాళం గడులు) రాశాను. తిప్పి వాయిస్తే మూడో బార్‌లోనే దొరికిపోయాను. వంటింట్లోంచి అమ్మ "తప్పు నొక్కావేంట్రా?" అంది. నొక్కడం కాదమ్మా, రాయడమే తప్పు.

• వాయిస్‌ల మధ్య దూరం ఆక్టేవ్ దాటనివ్వకండి. దాటితే తిప్పినా పైది పైనే ఉండిపోతుంది.

• ట్వెల్త్‌లో తిప్పితే ఆ మొత్తం 13, అక్కడ సిక్స్త్ అపస్వరమైన సెవెన్త్ అయి కూర్చుంటుంది. టెన్త్‌లో 11, వరస థర్డ్‌లు వరస ఆక్టేవ్‌లైపోతాయి. జర్మన్ స్వరకర్త బాఖ్ 'ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్'లో 9వ రచన ట్వెల్త్‌లో, 10వది టెన్త్‌లో ఉన్నాయి. ఆ టెన్షన్ ఇప్పుడే వద్దు.

• రెండు బార్లు కాగానే తిప్పి వాయించండి. అంతా అయ్యాక చూద్దాంలే అనుకుంటే నా 16 బార్ల గతే.