కొత్త ఫోర్ బై ఫోర్ వాహనంలో టక్కుమనే శబ్దం: మూలాన్ని పట్టుకునే పద్ధతి

కొత్త ఫోర్ బై ఫోర్ వాహనం (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందగల వాహనం) కింద నుంచి టక్కుమని శబ్దం వినిపిస్తే, అది ఎక్కడి నుంచి వస్తోందని వెతకడం కంటే ముందు, ఏ సమయంలో ఏ పని చేస్తున్నప్పుడు వస్తోందో తేల్చుకోవాలి. థార్, జిమ్నీ, గూర్ఖా వంటి వాహనాలను ల్యాడర్ చాసిస్ (నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం) మీద నిర్మిస్తారు. ముందు ఎడమ చక్రం దగ్గర పుట్టిన శబ్దం ఆ ఉక్కు చట్రం గుండా ప్రయాణించి, వెనుక సీటు కింద పుట్టినట్టు వినిపించవచ్చు కాబట్టి, ఈ విషయంలో చెవిని పూర్తిగా నమ్మడానికి వీలులేదు. శబ్దం పుట్టే సందర్భం మాత్రం మోసం చేయదు. గతుకు మీదనా, బ్రేక్ వేసినప్పుడా, స్టీరింగ్ తిప్పినప్పుడా, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడా అన్నది కచ్చితంగా తెలిస్తే, అనుమానించవలసిన భాగాలు రెండో మూడో మాత్రమే మిగులుతాయి.

వాహనం కొత్తదన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పదేళ్లు తిరిగిన వాహనంలో అరిగిన బుష్‌లను (బిగింపుల దగ్గర ఉండే రబ్బరు తొడుగులను), బాల్ జాయింట్లను ముందుగా అనుమానించడం సరైనదే కానీ, కొన్ని వందల కిలోమీటర్లు మాత్రమే తిరిగిన వాహనంలో భాగాలు అరిగే అవకాశం చాలా తక్కువ. అక్కడ మొదటి అనుమానం వదులుగా ఉన్న వస్తువు మీదకు, సరిగ్గా బిగించని బోల్టు మీదకు, లేదా షోరూమ్ నుంచి తెచ్చిన తర్వాత బయట బిగించుకున్న అదనపు సామగ్రి మీదకు వెళ్లాలి. మెకానిక్ విన్న వెంటనే ‘షాక్ అబ్జార్బర్ మార్చాలి’ అంటే, ఏ పరీక్ష చేసి ఆ నిర్ణయానికి వచ్చారని అడగడంలో తప్పేమీ లేదు.

ముందుగా వాహనాన్ని ఖాళీ చేయండి

పని మొదలుపెట్టేటప్పుడు జాకీ, జాకీ రాడ్డు, టూల్ కిట్, నీళ్ల సీసాలు, డోర్ అరల్లోని వస్తువులు అన్నీ బయట పెట్టాలి. వాడని సీటు బెల్టుల బకిళ్లు పక్క స్తంభానికి తగలకుండా గుడ్డతో కట్టాలి. మడిచే వెనుక సీట్లు ఉంటే వాటి లాక్ పూర్తిగా పడిందో లేదో చేత్తో గట్టిగా కుదిపి చూడాలి. బానెట్ లాక్‌ను, విప్పదగిన పైకప్పు ఉన్న వాహనమైతే దాని క్లాంపులను కూడా ఇలాగే చూడాలి.

ఈ తరగతి వాహనాల్లో ప్రత్యేకంగా చూడవలసింది వెనుక తలుపు. స్టెప్నీ బరువంతా ఆ తలుపు మీదే వేలాడుతుంది. తలుపు మూసినప్పుడు ద్వారం అంచుకు ఆనుకునే రబ్బరు దిమ్మలు కాస్త లోపలికి ఉన్నా, తలుపు లాక్ పడే కొక్కెం కాస్త పక్కకు జరిగినా, ప్రతి గతుకుకూ ఆ బరువు కదిలి, సస్పెన్షన్‌లో లోపం ఉన్నదా అనిపించేంత మొద్దు శబ్దం వస్తుంది. తలుపు మూసి, స్టెప్నీని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకూ, ముందుకూ వెనక్కూ ఊపితే సంగతి అక్కడే బయటపడుతుంది. స్టెప్నీ నట్లు బిగించి ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు. అవసరమైతే స్టెప్నీని విప్పి ఇంట్లో పెట్టి, దగ్గర్లోనే ఒక చుట్టు తిరిగి రావచ్చు. శబ్దం పోతే కారణం దొరికినట్టే.

ఫుట్ స్టెప్పులు, బయట వేయించుకున్న బంపర్, రూఫ్ క్యారియర్, స్కిడ్ ప్లేట్ బోల్టులను ఒక్కొక్కటిగా పానా వేసి చూడాలి. ఇంధన ట్యాంకు సగం ఉన్నప్పుడు బ్రేక్ వేస్తే లోపలి ఇంధనం గోడకు కొట్టుకుని మెత్తగా దబ్బుమనడం సహజం. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ శబ్దం రాకపోతే దాన్ని వదిలేయవచ్చు.

పరీక్షకు అనువైన దారి

విశాఖలో ఉన్నవారికి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. నున్నటి రోడ్డు, స్పీడ్ బ్రేకర్లు ఉన్న కాలనీ వీధులు, మలుపుల ఘాట్ రోడ్డు అన్నీ కొద్ది దూరంలోనే దొరుకుతాయి. ట్రాఫిక్ పలచగా ఉన్నప్పుడు బీచ్ రోడ్డు మీద నిలకడగా వెళ్తూ శబ్దం రావడం లేదని నిర్ధారించుకుని, ఎంవీపీ కాలనీ లోపలి వీధుల స్పీడ్ బ్రేకర్ల మీదకు, ఆ తర్వాత కైలాసగిరి ఘాట్ రోడ్డు మీదకు వెళ్తే కావలసిన పరిస్థితులన్నీ ఒకే ఉదయంలో చూడవచ్చు. మట్టిలో పరీక్షించాలన్న ఉత్సాహంతో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం ఎవరూ వాహనం దించకూడదు. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ దిబ్బలు చక్రాల ఒత్తిడికి నిలబడేవి కావు, పాడైతే తిరిగి ఏర్పడేవీ కావు.

డ్రైవింగ్ ఒకరు చేయాలి, వినడం ఇంకొకరు చేయాలి. ఏసీ, పాటలు ఆపేయాలి. ప్రహరీ గోడ పక్కగా అద్దం దించి నెమ్మదిగా వెళ్తే, కింద పుట్టిన శబ్దం గోడకు తగిలి తిరిగి వచ్చి, ఎడమ వైపుదా కుడి వైపుదా అన్నది కొంత తెలుస్తుంది. వినే వ్యక్తి ఫోన్‌లో రికార్డు చేస్తూ, వేగం, గేరు, ఆ క్షణంలో డ్రైవర్ చేసిన పని అన్నీ పైకి చెబుతూ ఉంటే, ఆ రికార్డింగే తర్వాత సర్వీస్ సెంటర్‌లో సాక్ష్యంగా పనికొస్తుంది.

అన్నిటికంటే ఉపయోగకరమైన పరీక్ష స్పీడ్ బ్రేకర్ దగ్గర జరుగుతుంది. మొదట రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నిటారుగా, నడక వేగంతో దాటాలి. తర్వాత అదే బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక చక్రం ముందు, మరొకటి వెనుక ఎక్కేలా దాటాలి. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్ (ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ) మెలితిరగదు, కాబట్టి దాని లింక్ రాడ్ల మీద భారం పడదు. ఒక చక్రమే లేచినప్పుడు బార్ మెలితిరిగి లింక్ రాడ్లు లాగబడతాయి. నిటారుగా దాటినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, ఏటవాలుగా దాటినప్పుడు టకటకమంటే, లింక్ రాడ్ నట్లను, బార్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే బుష్‌లను ముందుగా చూడాలి. రెండు సందర్భాల్లోనూ శబ్దం వస్తే షాక్ అబ్జార్బర్ పై కింది బిగింపులు, స్ప్రింగ్ కూర్చునే చోటు, బాడీకీ చాసిస్‌కూ మధ్య ఉండే రబ్బరు మౌంట్లు అనుమానించదగినవి.

అదే గతుకుల మీద బ్రేక్ పెడల్‌ను అతి తేలికగా నొక్కి పట్టుకుని మరోసారి వెళ్లాలి. అంతవరకు వచ్చిన శబ్దం అప్పుడు ఆగిపోతే, అది క్యాలిపర్‌లో (ప్యాడ్లను పట్టి ఉంచే భాగంలో) బ్రేక్ ప్యాడ్లు కదలడం వల్ల వస్తున్నదని దాదాపుగా చెప్పవచ్చు. వెనక్కు వచ్చి, మళ్లీ ముందుకు కదిలి తొలిసారి బ్రేక్ వేసినప్పుడు ఒక్కసారి టిక్కుమనడం మాత్రం ప్యాడ్లు తమ గాడిలో ఒక చివర నుంచి మరో చివరకు జరగడం వల్ల వచ్చేదే. ఇంజిన్ స్టార్ట్ చేసి కదిలిన తొలి క్షణాల్లో, తక్కువ వేగంలో ఒక్కసారే వినిపించి మళ్లీ రాని శబ్దం ఏబీఎస్ తనను తాను పరీక్షించుకోవడం వల్ల కావచ్చు. ఈ రెండింటి కోసం ఏ భాగమూ విప్పించనక్కర్లేదు.

స్టీరింగ్‌కు సంబంధించిన అనుమానం ఉంటే, వాహనాన్ని చదునైన నేల మీద నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఎడమకూ కుడికీ తిప్పుతుండగా, మరొకరు వాహనం పక్కన వంగి, కిందకు దూరకుండా గమనించాలి. జిమ్నీలో లాగా ముందు కూడా రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉన్నచోట, యాక్సిల్‌ను పక్కలకు జరగకుండా పట్టి ఉంచే లేటరల్ రాడ్ బోల్టు కాస్త వదులైనా ప్రతి తిప్పుకూ టక్కుమంటుంది. థార్‌లో లాగా ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉన్నచోట టై రాడ్ చివరలను, ఆర్ముల బుష్‌లను, బాల్ జాయింట్లను గమనించాలి.

నాలుగు చక్రాలకూ శక్తి అందినప్పుడు

ఆందోళన, అపోహ ఎక్కువగా ఉండేది ఈ భాగంలోనే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. పైన చెప్పిన వాహనాల ఫోర్ బై ఫోర్ రకాల్లో ఉండేది పార్ట్ టైమ్ పద్ధతి, అంటే మామూలుగా రెండు చక్రాలకే శక్తి అంది (2హెచ్), అవసరమైనప్పుడు మాత్రమే నాలుగింటికీ (4హెచ్) అందించుకునే ఏర్పాటు. 4హెచ్ వేసినప్పుడు, గేర్ బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ఆ శక్తిని తీసుకెళ్లే ముందు, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులను ఒకే వేగంతో తిరిగేలా కలిపి బిగిస్తుంది. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. మధ్యలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు కాబట్టి, అది షాఫ్టుల్లో మెలికగా పేరుకుంటుంది. ఇసుకలో, బురదలో టైర్లు కాస్త జారి ఆ మెలికను విడిపించుకుంటాయి. పొడి తారు రోడ్డు మీద జారలేవు కాబట్టి స్టీరింగ్ బరువెక్కుతుంది, వాహనం ఎవరో పట్టి ఆపినట్టు కదులుతుంది, చివరకు టైరు ఒక్కసారిగా జారి పెద్ద శబ్దం వస్తుంది. ఇది తయారీ లోపం కాదు, తారు రోడ్డు మీద 4హెచ్ వాడటం వల్ల వచ్చిన ఫలితం. ఇలాగే కొనసాగితే మాత్రం ట్రాన్స్‌ఫర్ కేస్, షాఫ్టులు నిజంగానే దెబ్బతింటాయి. యారాడ కొండ దారిలో వర్షానికి 4హెచ్ వేసి, కొండ దిగిన తర్వాత రోడ్డు పొడిగా ఉన్నా 2హెచ్‌కు మార్చడం మరచిపోయినవారికి ఈ శబ్దం ఎదురవుతుంది. లివర్ 2హెచ్‌లోకి రాకుండా పట్టేస్తే, స్టీరింగ్ నిటారుగా ఉంచి కొద్ది మీటర్లు వెనక్కు వెళ్తే మెలిక విడిపోయి లివర్ కదులుతుంది. ఆ విడిపోయేటప్పుడు వచ్చే ఒక్క దబ్బు శబ్దానికి భయపడనక్కర్లేదు.

కొన్ని రకాల్లో వెనుక డిఫరెన్షియల్‌కు యాంత్రికంగా తనంతట తానే పడే లాక్ ఉంటుంది. ఒక చక్రం గాలిలో తిరిగిపోతున్నప్పుడు అది టక్కుమని పట్టుకుంటుంది. ఆ శబ్దం లాక్ పనిచేస్తున్నదనడానికి గుర్తు. తారు రోడ్డు మీద, ఏ చక్రమూ జారకుండా, మామూలు మలుపులో అదే శబ్దం పదేపదే వస్తే మాత్రం చూపించాలి.

యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కినప్పుడు వచ్చే శబ్దాన్ని అంచనా వేయడం కష్టం. ప్రతి పళ్ల చక్రాల జతలోనూ తిరగడానికి కొంత సందు ఉండి తీరాలి. ఫోర్ బై ఫోర్‌లో గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, డిఫరెన్షియల్ వరుసగా ఉంటాయి కాబట్టి, ఆ సందులన్నీ కలిసి, మామూలు కారులో వినిపించని ఒక మెత్తని దబ్బును ఇస్తాయి. మొదటి రోజు నుంచీ ఒకే స్థాయిలో ఉండి, ఒక్కసారే వినిపించే మొద్దు శబ్దం సాధారణమైనదే. రోజురోజుకూ పెరుగుతున్నా, లోహం లోహానికి తగిలిన మోత ఉన్నా, దానితోపాటు వాహనం లోపల కాళ్ల కింద వణుకు తెలిసినా క్రాస్ జాయింటును (షాఫ్టును కలిపే కీలును), ప్రొపెల్లర్ షాఫ్ట్ అంచు బోల్టులను చూడాలి. సిగ్నల్ దగ్గర ఆగిన వెంటనే గానీ, కదలబోతున్నప్పుడు గానీ వచ్చే దబ్బుకు షాఫ్ట్ జారే పళ్ల భాగంలో గ్రీజు చాలకపోవడం కారణం కావచ్చు. అనుమానం తీరకపోతే షోరూమ్‌లోని అదే రకం టెస్ట్ డ్రైవ్ వాహనాన్ని అదే వీధిలో నడిపి పోల్చుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి.

కిందకు వంగి చూసేటప్పుడు

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన వాహనం కిందకు ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు. ఈ వాహనాలు నేల నుంచి ఎత్తుగా ఉంటాయి కాబట్టి, జాకీ లేకుండానే పక్క నుంచి టార్చితో చాలావరకు కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే, గేరులో ఉంచిన వాహనం కూడా దొర్లుతుందని గుర్తుంచుకుని, హ్యాండ్ బ్రేక్‌తో పాటు చక్రాలకు అడ్డు దిమ్మలు తప్పక పెట్టాలి.

ఫ్యాక్టరీలో బిగించిన ముఖ్యమైన బోల్టుల మీద సాధారణంగా పెయింట్ గీత ఉంటుంది. బోల్టు మీది గీత, పక్క భాగం మీది గీత కలవకుండా తప్పితే ఆ బోల్టు కదిలిందని అర్థం. సముద్రపు గాలి వల్ల విశాఖలో కొత్త వాహనం కింద కూడా బోల్టు తలలకు త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి, తుప్పు మరకను మాత్రమే చూసి నిర్ణయానికి రాకూడదు. రెండు భాగాలు ఒకదానికొకటి తగిలి మెరుగెక్కిన చోటు, పెయింట్ లేచిన చోటు ఉంటే అదే అసలు ఆధారం. సైలెన్సర్ గొట్టాన్ని చల్లారిన తర్వాత చేత్తో ఊపి, చాసిస్‌కు తగులుతోందేమో చూడాలి.

ఎత్తు పెంచే కిట్ వేయించినవారు ఒక విషయం అడిగి తెలుసుకోవాలి. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను వాహనం బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి, శబ్దం చేస్తూ త్వరగా చిరిగిపోతుంది.

చక్రాల నట్లు వదులుగా ఉన్నా, శబ్దంతో పాటు స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్నా, బ్రేక్ పెడల్ తీరు మారినా, వాహనాన్ని అక్కడే ఆపాలి. అప్పుడు తరలించడానికి నాలుగు చక్రాలూ పైకి ఎక్కే ఫ్లాట్ బెడ్ వాహనాన్నే పిలవాలి.

సర్వీస్ సెంటర్‌లో

జాబ్ కార్డులో (సర్వీస్ సెంటర్ మన ఫిర్యాదు రాసుకునే పత్రంలో) ‘శబ్దం వస్తోంది’ అని రాయిస్తే, ‘పరీక్షించాం, కనిపించలేదు’ అన్న జవాబుతో వాహనం తిరిగి వస్తుంది. ‘గంటకు 10 కిలోమీటర్ల వేగంలో, రెండో గేరులో, ఎడమ ముందు చక్రం మాత్రమే గతుకు ఎక్కినప్పుడు, ఎడమ ముందు వైపు లోహపు శబ్దం’ అని రాయించాలి. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ శబ్దాన్ని స్వయంగా వినిపించాలి. వారంటీ ఉన్నంతకాలం ఆటోనగర్‌లో పరిచయస్థుడు ఎంత నేర్పరి అయినా, ఆయన సలహా మాత్రమే తీసుకుని, విప్పడం, వెల్డింగ్ వంటివి చేయించకపోవడం మంచిది. బయట విప్పిన భాగానికి వారంటీ నిరాకరించే వీలు కల్పించినట్టవుతుంది.

పని పూర్తయిందని చెప్పినప్పుడు ఏ బోల్టు బిగించారో, ఏ భాగం మార్చారో బిల్లులో రాయించుకుని, అదే బ్రేకర్‌ను అదే వేగంతో, అంతే బరువుతో మళ్లీ దాటి చూడాలి. శబ్దం మిగిలి ఉంటే ఇంటికి వెళ్లకముందే రెండో జాబ్ కార్డు తెరిపించి దాని నకలు తీసుకోవాలి. ఒకే ఫిర్యాదుతో వరుసగా జాబ్ కార్డులు పేరుకుని కూడా పరిష్కారం దొరకకపోతే, ఆ నకళ్లతో తయారీ సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అక్కడా స్పందన లేకపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.