పాత పెట్రోల్ పికప్‌కి డీజిల్ ఇంజన్ – 4వ పాఠం: ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా

గత పాఠంలో 6.2 లీటర్ల డీజిల్ ఇంజన్ మన షెవర్లే సి10 ఫ్రేము మీద కూర్చుంది. 1982లో జనరల్ మోటార్స్ ఈ వీ8ని (ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌ని) పికప్‌లకు ఇచ్చినప్పుడు, గేర్‌బాక్సు తగిలే వైపు బోల్టుల వరసని తన పెట్రోల్ వీ8ల మాదిరే ఉంచింది. అందుకే పాత 350 పెట్రోల్ వీ8 తీసేసిన చోట ఇది పెద్ద గొడవ లేకుండా దిగిపోయింది. బోల్టులు బిగించేశాం కదా, పని అయిపోవచ్చిందని చాలామందికి అనిపిస్తుంది. నా లెక్కలో సగం కూడా కాలేదు. ఇలాంటి మార్పిడి నిలబడుతుందా లేదా అన్నది డీజిల్ వచ్చే దారిలో తేలుతుంది.

కార్బురేటర్ మంచిది. కాస్త చెత్త వచ్చినా, కాస్త గాలి వచ్చినా దగ్గుతుంది గానీ చావదు. ఇంజెక్టర్లకు ఒత్తిడితో డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు అలా కాదు. 6.2 మీద ఉండేది స్టానడైన్ డీబీ2 అనే రోటరీ పంపు. దాని లోపల ప్లంజర్లకూ రోటరుకూ మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. దానికి వేరే ఆయిల్ ఉండదు, అందులోంచి పోయే డీజిలే దానికి ఆయిల్. నీళ్లు వస్తే తుప్పు పడుతుంది, ఇసుక వస్తే గీతలు పడతాయి.

ఈ విషయంలో అమెరికాకు ఒకసారి గట్టిగానే తగిలింది. 1978లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ 5.7 లీటర్ల డీజిల్‌ని 1981 దాకా సి10లోనూ అమ్మారు. దానికి హెడ్ బోల్టుల జబ్బు ఎలాగూ ఉంది. దానికి తోడు డీజిల్‌లోని నీటిని వేరుచేసే సెపరేటర్ పెట్టలేదు. పంపులు, ఇంజెక్టర్లు తుప్పుపట్టాయి, డీజిల్ అంటేనే జనం భయపడే పరిస్థితి వచ్చింది. కాబట్టి మన బండికి వాటర్ సెపరేటర్ ఉండి తీరాలి, ఖర్చు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ ఇక్కడ వద్దు.

ముందు ట్యాంకు. 1973–87 మోడళ్లలో ట్యాంకు ఫ్రేముకి బయట, పక్కన వేలాడుతుంది. దాన్ని కిందికి దింపండి. ఉన్నచోటే కడుగుదాం అనుకోకండి, అడుగున పేరుకున్న తుప్పు అలా రాదు. మిగిలిన పెట్రోలంతా తీసేసి, కడిగి, ఆరబెట్టాలి. "కొంచెం పెట్రోలు ఉంటే ఏమవుతుంది, కలిసిపోతుంది కదా" అని ఎవరైనా అంటే వినకండి. కొద్దిపాటి పెట్రోలుతో కూడా డీజిల్ అంటుకునే ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది, పంపుకి కావలసిన జిడ్డూ తగ్గుతుంది. ట్యాంకుకి చిల్లు ఉంటే వెల్డింగ్ జోలికి పోవద్దు, వేరే ట్యాంకు చూసుకోండి. ఖాళీ పెట్రోల్ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. కొత్తది కొంటే లోపల జింకు పూత లేనిది చూడండి, డీజిల్‌కి జింకు పడదు.

డీజిల్ పోసే మూతి దగ్గర ఒక చిన్న చిక్కు ఉంది. అన్‌లెడెడ్ పెట్రోలు మాత్రమే వాడాలని రాసి ఉన్న పికప్ అయితే, మూతి లోపల ఇరుకైన రింగు, దాని వెనక చిన్న రేకు తలుపు ఉంటాయి. అన్‌లెడెడ్ గన్ను సుమారు 21 మిల్లీమీటర్లు, మామూలు డీజిల్ గన్ను సుమారు 24. అది దూరదు. డోనర్ ట్రక్కు (విడిభాగాలు తీసుకునే పాత డీజిల్ బండి) నుంచి డీజిల్ మూతి తెచ్చుకోవడం తేలిక. పనిలో పనిగా మూత మీద "డీజిల్" అని పెద్దగా రాయండి. బండి ఇంకొకరికి ఇచ్చిన రోజు ఆ అక్షరాలే పంపుని కాపాడతాయి.

ఇప్పుడు పైపులు. ఇంజన్‌కి వెళ్లేది 3/8 అంగుళం, తిరిగి వచ్చేది 1/4 అంగుళం చాలు. ఈ తిరిగి వచ్చే దారి, అంటే రిటర్న్ లైను, కార్బురేటర్ బండ్లన్నిటికీ ఉండదు. డీజిల్‌కి మాత్రం లేకపోతే కుదరదు. పంపు వాడుకోగా మిగిలినదీ, ఇంజెక్టర్ల దగ్గర కారేదీ ట్యాంకుకే చేరాలి. పైపు ఉక్కుదే వేయండి. రాగి పైపు వంచడానికి సులువే గానీ, రాగి తగిలితే డీజిల్ త్వరగా పాడై జిగురు కడుతుంది.

మీ పికప్‌కి రెండు ట్యాంకులు ఉన్నాయా? అయితే ఇంకో చోట జాగ్రత్త పడాలి. ట్యాంకు మార్చే పాత వాల్వుకి మూడే మూతులు ఉంటే అది వెళ్లే దారిని మాత్రమే మారుస్తుంది, రిటర్న్‌ని మార్చదు. ఎడమ ట్యాంకు నుంచి తాగి కుడి ట్యాంకులో పోస్తూ ఉంటుంది. కుడిది అప్పటికే నిండుగా ఉంటే డీజిల్ రోడ్డు మీదికి కారుతుంది. ఆరు మూతుల వాల్వు వేస్తే రెండు దారులూ ఒకేసారి మారతాయి. అది దొరికేదాకా ఒక ట్యాంకుతోనే నడపండి.

ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు ఇంజన్ పక్కనే, క్యామ్‌షాఫ్ట్‌తో నడుస్తుంది. పాతది ఉంచకండి. దాని డయాఫ్రం చిరిగితే డీజిల్ నేరుగా ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతూ ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. దీని తరవాత ఫిల్టరు. 1984 తరవాతి డోనర్ దొరికితే ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) మీద బిగించే చదరపు ఫిల్టరుని, నీళ్లు వదిలే కాక్‌తో సహా తెచ్చుకోండి. ఫిల్టరుకీ ఇంజెక్షన్ పంపుకీ మధ్య జానెడు పారదర్శక గొట్టం పెడితే, బుడగలు వస్తున్నాయో లేదో కంటికే కనిపిస్తుంది. తనిఖీకే సుమా, పని అయ్యాక మామూలు డీజిల్ గొట్టం వేసేయండి.

జంక్‌యార్డు పంపు అయితే బిగించే ముందు పైమూత తీసి చూడండి. పాత డీబీ2లలో గవర్నరు (ఇంజన్ వేగాన్ని అదుపు చేసే భాగం) దగ్గర మెత్తని ప్లాస్టిక్ రింగు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పెళుసెక్కి నల్లటి రవ్వలుగా రాలుతుంది. ఆ రవ్వలు రిటర్న్ మూతిలోని చిన్న బంతి వాల్వుని మూసేస్తాయి, ఇంజన్ కాసేపు నడిచి ఆగిపోతుంది. ట్యాంకు, ఫిల్టరు, లిఫ్ట్ పంపు అన్నీ మార్చినా జబ్బు పోదు. రవ్వలు కనిపిస్తే పంపుని రీబిల్డ్‌కి ఇవ్వండి. ఆ రింగు బదులు కొత్త రకం వేస్తారు.

పంపు మీద గులాబీ రంగు వైరు ఒకటి వస్తుంది. లోపలి షటాఫ్ సొలినాయిడ్‌కి అదే కరెంటు ఇస్తుంది. తాళం తిప్పితే డీజిల్ వదులుతుంది, తీస్తే ఆపుతుంది. పాత ఇగ్నిషన్ కాయిల్‌కి వచ్చే వైరుని దీనికి వాడుకోవచ్చు, కానీ మీ పికప్ ఏ సంవత్సరందో చూసుకుని. 1975 నుంచి వచ్చిన హెచ్‌ఈఐ (ఎలక్ట్రానిక్) ఇగ్నిషన్ బండ్లలో ఆ వైరులో పూర్తి 12 వోల్టులు ఉంటాయి. 1973, 74 మోడళ్లలో కాయిల్ ముందు రెసిస్టెన్స్ వైరు ఉంటుంది, బండి నడుస్తున్నప్పుడు అంత వోల్టేజీ రాదు. అవైతే ఫ్యూజు బాక్సు నుంచి కొత్త వైరు లాగండి.

ఇక ఎయిర్ తీయడం. ఊళ్లో ట్రాక్టరుకో డీజిల్ పంపుసెట్టుకో ఎయిర్ తీసినవాళ్లకు ఇది తెలిసిన పనే, ఇక్కడ నట్లు ఎనిమిది, అంతే తేడా. ముందు గులాబీ వైరు ఊడదీయండి. ఫిల్టరు మీద ఎయిర్ స్క్రూ వదులు చేసి సెల్ఫ్ కొట్టండి. ఒకేసారి 10–15 సెకన్లకు మించి వద్దు, మోటారు చల్లారడానికి నిమిషమైనా ఆగాలి. బుడగలు లేని డీజిల్ వచ్చాక స్క్రూ బిగించి వైరు పెట్టేయండి. తరవాత ఇంజెక్టర్ల దగ్గర ఎనిమిది నట్లనీ అర చుట్టు వదులు చేసి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. అన్ని చోట్లా తడి కనిపించాక బిగించండి. ఇంజన్ ఈ రోజు స్టార్ట్ అవదు, అవాలని చూడకండి కూడా. చల్లటి ఇంజన్ అందుకోవడానికి లోపల వేడి చేసే గ్లో ప్లగ్గుల వైరింగ్ ఇంకా చేయలేదు. తొందరపడి ఈథర్ స్ప్రే కొట్టే అలవాటు ఈ ఇంజన్ దగ్గర వద్దే వద్దు. కాలుతున్న గ్లో ప్లగ్గుకి ఈథర్ తగిలితే లోపలే పేలుతుంది.

రాబోయే పాఠాల్లో ఇంజన్ నడిచాక కూడా ఒక మాట గుర్తుంచుకోండి. ఇంజెక్టర్ పైపుల్లో ఒత్తిడి 1500 పీఎస్ఐ దాటుతుంది. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడొద్దు. సన్నటి ధార చర్మం లోపలికి దూరిపోతుంది, పైకి సూది గుచ్చినంత మచ్చే ఉంటుంది గానీ వేలు తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఎవరికైనా అలా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

లిఫ్ట్ పంపుకి ముందున్న గొట్టాల్లో పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళుతుంది. కింద తడి ఉండదు, కానీ పొద్దున్నే చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది. అనుమానం ఉంటే లిఫ్ట్ పంపు గొట్టాన్ని శుభ్రమైన డీజిల్ క్యానులో ముంచి, దానితో నడిపి చూడండి. మర్నాడు ఠక్కున అందుకుంటే తప్పు ట్యాంకు వైపు ఉన్నట్టే. ఇంజెక్టర్ల మధ్య ఉండే చిన్న రబ్బరు రిటర్న్ గొట్టాలను మాత్రం పరీక్షలేమీ పెట్టకుండా అన్నీ మార్చేయండి.

డీజిల్ గురించి కొంచెం. అమెరికా బంకుల్లో 2006 నుంచి వస్తున్నది సల్ఫర్ 15 పీపీఎం లోపు ఉండే రకం. పాత పంపుల రబ్బరు సీళ్లు దీనికి మారినప్పుడు కొన్ని కారతాయి, రీబిల్డ్‌లో కొత్తవి వేస్తే సరిపోతుంది. ఎర్ర రంగు కలిపిన డీజిల్ చవగ్గా దొరుకుతుంది, కానీ అది రోడ్డు పన్ను లేని పొలం సరుకు. రోడ్డు మీద ట్యాంకులో ఆ రంగు కనిపిస్తే జరిమానా వేస్తారు. డల్లాస్‌లో ఉన్నవాళ్లకు చలికాలం పెద్దగా పట్టదు. మినెసోటా వైపు ఉంటే మామూలు నంబర్ 2 డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది, అక్కడి బంకులు అమ్మే చలికాలపు మిశ్రమమే పోయించండి.

వచ్చే పాఠానికి హోంవర్క్: పాత గ్లో ప్లగ్గులు ఎనిమిదీ విప్పి, వరస తప్పకుండా అట్టకి గుచ్చి పెట్టండి. కొన ఉబ్బి బయటికి రానిది ఉంటే బలం పెట్టి లాగొద్దు, అది విరిగి లోపల పడితే హెడ్ దింపాల్సి రావచ్చు. దాన్ని అలాగే వదిలేయండి, ఎలా తీయాలో 5వ పాఠంలో ముందు అదే చూద్దాం.