ఆర్‌ఎఫ్ అబ్లేషన్‌లో ఓమ్‌ల అంకెను చదవడం ఎలా

విజయవాడ సూర్యారావుపేటలోని ఒక క్యాథ్ ల్యాబ్‌లో (రక్తనాళాల గుండా సన్నని గొట్టాలు పంపి గుండెకి చికిత్స చేసే గది) ఆర్‌ఎఫ్, అంటే రేడియో ఫ్రీక్వెన్సీ, జనరేటర్ ముందు కూర్చోవడం నా పని. గుండె దడకి అబ్లేషన్ (దడకి కారణమైన కండను కరెంటు వేడితో కాల్చడం) చేసేటప్పుడు డాక్టర్ గారి చూపు సిగ్నల్స్ మీద, మ్యాప్ మీద ఉంటుంది. ఇంపిడెన్స్ అంకెను, అంటే కరెంటు దారికి ఎంత అడ్డు ఉందో ఓమ్‌లలో చెప్పే అంకెను, కన్నార్పకుండా చూడాల్సింది మనం. ఈ పనిలోకి కొత్తగా వచ్చే టెక్నీషియన్ల కోసం ఇది రాస్తున్నాను. ఎక్కడ కాల్చాలి, ఎంతసేపు, ఎప్పుడు ఆపాలి అనేది డాక్టర్ గారి నిర్ణయం. ఆ నిర్ణయానికి కావలసిన కబురు సమయానికి అందించడం మన బాధ్యత.

ముందు ఆ అంకెలో ఏమేం కలిసి ఉన్నాయో తెలియాలి. జనరేటర్ నుంచి దాదాపు 500 కిలోహెర్ట్జ్ కరెంటు క్యాథెటర్ (గుండెలోకి పంపే సన్నని గొట్టం) కొన దగ్గర గుండెలోకి వెళ్ళి, ఒళ్ళంతా దాటి, వీపుకో తొడకో అంటించిన ప్యాచ్ ద్వారా వెనక్కి వస్తుంది. ఆ దారిలో గుండె కండ ఒక్కటే లేదు. ఊపిరితిత్తులు, కొవ్వు, చర్మం, ప్యాచ్ జిగురు, వైరు అన్నీ ఉన్నాయి. అందుకే ఒకరికి 90 ఓమ్‌లు, ఇంకొకరికి 130 ఉండటం మామూలే. నిన్నటి పేషెంట్ అంకెతో ఇవాళ్టి పేషెంట్ అంకెను పోల్చకండి. ఎవరి అంకె ఎలా కదిలిందో వాళ్ళదే చూసుకోవాలి.

అలాగని మొదటి అంకెను వదిలేయకూడదు. 30 వాట్లు పెట్టామనుకోండి. 90 ఓమ్‌లున్న మనిషిలో సుమారు 0.58 ఆంపియర్లు పారుతుంది, 130 ఉన్న మనిషిలో 0.48. వేడి పుట్టించేది కరెంటు. వాట్లు ఒకటే అయినా కండలో పుట్టే వేడి ఒకటి కాదు. అందుకని మొదటి అంకె మరీ ఎక్కువగానో తక్కువగానో ఉంటే పవర్ పెట్టకముందే డాక్టర్ గారికి చెప్పండి.

ప్యాచ్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే కేసు సగం అక్కడే బాగుపడుతుంది. మన దగ్గర మే నెలలో ఎండకి తడిసిపోయి వస్తారు. కొందరు ఒంటికి కొబ్బరి నూనె రాసుకునో, పౌడర్ వేసుకునో వస్తారు. వీటి మీద ప్యాచ్ సరిగా అంటదు. సబ్బు నీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, వెంట్రుకలుంటే క్లిప్పర్‌తో తీసి, అప్పుడు అంటించండి. ఎముక మీద కాకుండా కండ బాగా ఉన్న చోటు చూడండి. అంచుల చుట్టూ వేలితో నొక్కుకుంటూ రండి. ఒక మూల లేచినా కరెంటంతా మిగిలిన భాగంలోంచే పోతుంది, అక్కడ చర్మం కాలుతుంది. ఇదంతా చేస్తూ పేషెంట్‌తో మాట్లాడుతూ ఉండండి. "బాబాయ్ గారూ, వీపు మీద చల్లగా ఒక పట్టీ వేస్తున్నాను, ఏం కాదు" అంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కేసు మధ్యలో ప్యాచ్ మార్చాల్సి వస్తే పాత అంకెలు ఇక పనికిరావు, బేస్‌లైన్ (పవర్ పెట్టకముందు ఉన్న అంకె) మళ్ళీ రాసుకోవాలి.

క్యాథెటర్ గుండెలోకి వెళ్ళాక, అది రక్తంలో తేలుతున్నప్పుడు ఉన్న అంకెను రాసుకోండి. రక్తం కండ కంటే బాగా కరెంటు మోస్తుంది. కాబట్టి కొన గోడకి ఆనితే అంకె కొద్దిగా పెరుగుతుంది. ఎడమ కర్ణికలో పని చేసేటప్పుడు ఉన్నట్టుండి బాగా పెరిగితే కొన పల్మనరీ వెయిన్ (ఊపిరితిత్తుల నుంచి గుండెకి రక్తం తెచ్చే సిర) లోపలికి జారిందేమోనని అనుమానించాలి. వెయిన్ లోపల కాలిస్తే అది ముడుచుకుపోయి సన్నబడవచ్చు. కాబట్టి "సర్, ఇంపిడెన్స్ పెరిగింది, వెయిన్‌లో ఉన్నామేమో" అని పవర్ ఆన్ అవ్వకముందే అనాలి. ఊపిరి పీల్చినప్పుడు కూడా అంకె పెరుగుతుంది, కానీ వదలగానే దిగుతుంది. రెండు మూడు శ్వాసలు గమనిస్తే తేడా తెలిసిపోతుంది.

ఇక పవర్ ఆన్. కండ వేడెక్కితే అందులోని అయాన్లు సులువుగా కదులుతాయి, ఇంపిడెన్స్ పడిపోతుంది. ఈ పడటమే మనకి కావాలి. ఎక్కువ భాగం మొదటి పది పదిహేను సెకన్లలోనే కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. 10 ఓమ్‌ల దాకా పడితే కొన గోడకి బాగా ఆని ఉంది, వేడి లోపలికి దిగుతోంది అని అనుకోవచ్చు. 5 కూడా పడకపోతే వేడిని రక్తం ఎత్తుకుపోతోంది. అప్పుడు "సర్, డ్రాప్ లేదు, కాంటాక్ట్ చూడండి" అని గట్టిగా చెప్పండి. మొహమాటపడి మనసులో ఉంచుకోవద్దు. గది నిశ్శబ్దంగా ఉన్నా సరే, చెప్పండి.

ఎక్కువ పడితే మంచిదేగా అనుకోవద్దు. కొద్ది సెకన్లలోనే 20 ఓమ్‌లు జారిపోతుంటే కండ అతిగా వేడెక్కుతోంది. కండ శాశ్వతంగా చావడానికి 50 డిగ్రీల సెల్సియస్ చాలు. లోపల 100 దాటితే నీరు ఆవిరై, ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసినట్టు ఒక్కసారిగా తన్నుకొస్తుంది. దాన్నే స్టీమ్ పాప్ అంటాం. గోడ చిరిగితే గుండె చుట్టూ రక్తం చేరి బీపీ పడిపోతుంది. పడుతున్న అంకె ఆగి, పైకి తిరగడం మొదలైతే కొన మీద రక్తం గడ్డకట్టి మాడుతోందేమోనని చూడాలి. "పెరుగుతోంది" అన్న ఒక్క మాట చాలు, డాక్టర్ గారు పెడల్ వదిలేస్తారు. అప్పుడు క్యాథెటర్ బయటికి తీసి, కొనను తుడిచి చూశాకే మళ్ళీ లోపలికి.

సెలైన్‌తో చల్లబరిచే క్యాథెటర్లలో టెంపరేచర్ రీడింగ్‌ని నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు. అది చల్లబడిన కొన వేడి, కండ వేడి కాదు. అక్కడ ఇంపిడెన్సే మనకి దగ్గరి సాక్షి. అయితే అది గోడ మందం చెప్పదు, వెనక ఆనుకుని ఉన్న అన్నవాహికకి వేడి తగులుతోందా అన్నదీ చెప్పదు. వాటిని వేరేగా చూడాల్సిందే.

ఇప్పుడు లోకల్ ఇంపిడెన్స్ చూపే క్యాథెటర్లు కూడా ఉన్నాయి. కొసనే ఉన్న ఎలక్ట్రోడ్ల మధ్య చాలా చిన్న కరెంటు పంపి కొలుస్తాయి కాబట్టి ఒంట్లో మిగతా దారి గొడవ తగ్గుతుంది. పాత మచ్చ ఉన్న కండ దగ్గర తక్కువ, ఆరోగ్యమైన కండ దగ్గర ఎక్కువ చూపుతాయి. వీటి స్కేల్ వేరు. పైన చెప్పిన 5, 10 ఓమ్‌ల లెక్క వీటికి పెట్టకూడదు, ఆ క్యాథెటర్‌కి ఇచ్చిన హద్దులే చూడాలి.

కన్ను కుదరాలంటే పేషెంట్ల కోసం వాడని ట్రైనింగ్ జనరేటర్, పాత క్యాథెటర్ అడిగి తీసుకోండి. మటన్ కొట్టు నుంచి తాజా మేక గుండెకాయ గానీ తొడ కండ గానీ తెచ్చి, 37 డిగ్రీల సెలైన్ తొట్టిలో పెట్టి, అడుగున ప్యాచ్ వేయండి. మామూలు సెలైన్ రక్తం కంటే ఎక్కువ కరెంటు మోస్తుంది, అందుకని నీళ్ళు కలిపి పల్చన చేయాలి. ఒకచోట కొనను వదులుగా, ఇంకోచోట గట్టిగా ఆనించి ఒకే పవర్, ఒకే సమయం పెట్టండి. డ్రాప్ రాసుకుని, రెండు చోట్లా అడ్డంగా కోసి, పాలిపోయిన భాగం లోతును స్కేలుతో కొలిచి ఆ అంకె పక్కనే రాయండి. ఆ కాగితం మానిటర్ పక్కన అంటించుకోండి.