చిన్న బడిలో ఏడాది పొడుగునా సంగీతం: శ్రుతి, గొట్టాలు, జతులు, పాటల పుస్తకం

పల్లె బడిలో నలభై యాభై మంది పిల్లలుంటారు. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చుంటాయి. సంగీతానికి విడిగా టీచరు ఉండరు, లెక్కలు చెప్పేవాళ్లే పాటా నేర్పుతారు. పెద్ద బడుల్లోలాగా బాగా పాడే పదిమందిని ఏరి బృందం కడదామంటే ఇక్కడ కుదరదు. ఆ పదిమందిలో ఇద్దరికి జలుబు చేస్తే కార్యక్రమమే ఆగిపోతుంది. మిగిలిన పిల్లలు సంగీతం తమది కాదనుకుని దూరంగా జరుగుతారు. కాబట్టి ముందు పాటను ఎంచుకుని దానికి పిల్లలను వెతకొద్దు. ఉన్న పిల్లల కొలతలు తీసుకుని వాళ్లకు సరిపడేలా పాటను కుట్టండి.

వారానికి ఒక గంట కంటే ఇరవై నిమిషాల చొప్పున మూడు రోజులు మేలు. రెండు నిమిషాలు గొంతు సవరింపు, ఐదు నిమిషాలు లయ, పది నిమిషాలు పాట, మిగిలిన మూడు నిమిషాలు కళ్లు మూసుకుని వినడం. వినడం వృథా అనిపించి మొదట కోసేసేది దాన్నే. శ్రుతి కుదిరేది మాత్రం అక్కడే.

ముందు శ్రుతి

చిన్న బడుల్లో పిల్లలు శ్రుతి తప్పడానికి ముఖ్య కారణం పిల్లలు కాదు, నేర్పేవాళ్ల గొంతు. మగ టీచరు తనకు హాయిగా ఉన్న శ్రుతిలో పాడితే అది పిల్లల గొంతుకు ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్న దూరం) కింద పడుతుంది. కొందరు పిల్లలు దాన్ని పై స్థాయిలో అందుకుంటారు. కొందరు అంత కిందికి దిగాలని చూసి గొణుగుతారు, మరికొందరు రెంటికీ మధ్యలో ఎక్కడో ఆగుతారు. ఆడ టీచర్లు కూడా చాలాసార్లు పిల్లలకు తగినదానికంటే కిందనే ఎత్తుకుంటారు.

కీబోర్డులో స్వరాలను సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అంటారు. దాని నడుమ ఉండే మధ్య సి (261.6 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని కంపనాలు) ని గుర్తుగా పెట్టుకోండి. ఆరేడేళ్ల పిల్లలకు దానిపై డి నుంచి ఎ (440 హెర్ట్జ్) దాకా హాయిగా ఉంటుంది. తొమ్మిది, పదేళ్లకు మధ్య సి నుంచి పై డి దాకా సాగుతుంది. పాటలో అన్నిటికంటే కింది స్వరమేదో, పై స్వరమేదో ముందే చూసి, రెండూ ఈ హద్దుల్లో పడేలా 'స' ఎక్కడుండాలో తేల్చండి. స నుంచి తారస్థాయి స దాకా నడిచే పాటకు 'స' ని సి మీదో డి మీదో పెట్టొచ్చు. మంద్ర పంచమం (కింది స్థాయి ప) దాకా దిగే పాటను అదే శ్రుతిలో ఎత్తుకుంటే పిల్లల గొంతు ఆ చివర వినబడదు. అలాంటి పాటకు 'స' ని మధ్య సి పైనున్న జి మీదికి ఎత్తండి.

శ్రుతి ఇచ్చేటప్పుడు మగ టీచరు పాడి చూపకుండా కీబోర్డుతోనో, ఫోనులోని ట్యూనర్ (స్వరాన్ని గుర్తించి చూపే) యాప్‌తోనో, కింద చెప్పబోయే గొట్టంతోనో ఇవ్వాలి. ఆ తర్వాత నిలకడగా పాడే ఒక పాపతోనో బాబుతోనో మొదటి పంక్తి ఎత్తించాలి. పిల్లలు పిల్లల గొంతును తొందరగా పట్టుకుంటారు.

శ్రుతి కలవని పిల్లవాడిని 'నువ్వు ఊరికే పెదవులు కదుపు చాలు' అనకండి. ఆ ఒక్క మాటతో వాడు జన్మలో పాడడు. వాడిని 'ఊ' అంటూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి సైరనులా గొంతు జార్చమనండి. ఎక్కడో ఒకచోట తనంతట తానే ఒక స్వరం మీద నిలుస్తాడు. ఈసారి మీరే ఆ స్వరానికి వెళ్లి కలవండి. తన గొంతు ఇంకొక గొంతుతో కలిస్తే ఎలా ఉంటుందో చెవికి ఒకసారి తెలిస్తే, అక్కడి నుంచి అరస్వరం (కీబోర్డులో పక్క మెట్టు దూరం) చొప్పున జరపొచ్చు. రోజుకు ఒక్క నిమిషం ఇలా చేసినా కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది.

పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లల గొంతు మారుతుంది. నిన్న అందిన స్వరం ఇవాళ అందదు. ఆ పిల్లలను పాట నుంచి తీసేయకుండా మూడు నాలుగు స్వరాల్లో తిరిగే భాగం ఇవ్వండి. అరిచి పై స్వరం అందుకోమనొద్దు.

గొట్టాలతో ఎనిమిది స్వరాలు

డబ్బు చేతికి రాగానే కీబోర్డు కొనడం మామూలే, కానీ దాని ముందు ఒక్కరే కూర్చుంటారు, మిగతావాళ్లు చూస్తుంటారు. అదే గొట్టాలైతే ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క స్వరం ఉంటుంది. లోపలి వ్యాసం 4 సెంటీమీటర్లున్న పీవీసీ పైపు 5 మీటర్లు, హ్యాక్సా, గరుకు కాగితం, ట్యూనర్ యాప్ ఉంటే చాలు.

రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టానికి పొడవులు ఇవి: సి 63.1, డి 56.0, ఇ 49.6, ఎఫ్ 46.7, జి 41.3, ఎ 36.5, బి 32.3, పై సి 30.3 సెంటీమీటర్లు. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు. దాన్ని స్వరపు పౌనఃపున్యానికి (హెర్ట్జ్ అంకెకు) రెట్టింపుతో భాగిస్తే పొడవు వస్తుంది. ధ్వని గొట్టం చివర దాటి కాస్త బయట దాకా కంపిస్తుంది కాబట్టి అందులోంచి వ్యాసంలో 0.6 వంతు, అంటే ఇక్కడ 2.4 సెంటీమీటర్లు తీసేయాలి. మీకు దొరికిన పైపు వ్యాసం వేరైతే ఈ తీసివేత ఒక్కటే మారుతుంది.

లెక్క ఎంత సరిగ్గా ఉన్నా ప్రతి గొట్టాన్నీ అర సెంటీమీటరు పొడుగ్గానే కోయండి. అరచేతి మీదో తొడ మీదో కొట్టి ట్యూనర్‌లో చూస్తే స్వరం కొంచెం కిందుగా కనిపిస్తుంది. గరుకు కాగితంతో అరగదీస్తూ పైకి తీసుకురండి. పొట్టిగా కోసిన గొట్టాన్ని మళ్లీ పొడిగించలేం, దాన్ని పై స్వరానికి వాడుకోవడమే. కోత వంకరగా పోకుండా పైపు చుట్టూ కాగితం చుట్టి దాని అంచు వెంట గీత గీయండి. అంచులు నునుపు చేయకుండా పిల్లల చేతికి ఇవ్వొద్దు, కోసుకుంటాయి.

ఒక చివర మూత బిగిస్తే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. శ్రుతి పట్టడానికి మంద్రంగా రెండు గొట్టాలు కావాలనుకుంటే ఇదే దారి. అయితే 63.1 గొట్టానికే మూత పెడితే స్వరం సరిగ్గా ఒక స్థాయి దిగకుండా కాస్త పైనే ఆగుతుంది, ఎందుకంటే తీసివేత ఇప్పుడు తెరిచిన చివరకు ఒక్కదానికే వర్తిస్తుంది. మూత గొట్టాలను విడిగా, సి కి 64.4, జి కి 42.5 సెంటీమీటర్లుగా కోయండి. మూత లోపలి అంచు దాకా కొలవాలి.

వేడికి గొట్టాల స్వరం పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే అరస్వరంలో మూడో వంతు పైకి పోతుంది. గొట్టాలన్నీ కలిసే పైకి పోతాయి కాబట్టి వాటిలో వాటికి తగువు లేదు. కీబోర్డు మాత్రం కదలదు. ఎండవేళ రెంటినీ కలిపి వాయించి 'పిల్లలు తప్పు వాయిస్తున్నారు' అనుకోవడం జరుగుతుంటుంది. ఆ పూట కీబోర్డును పక్కన పెట్టండి, లేదా దానిలో సూక్ష్మ శ్రుతి మార్చే మీట ఉంటే జరపండి.

మొదటి రెండు నెలలు ఎఫ్, బి గొట్టాలు దాచేయండి. మిగిలిన సి, డి, ఇ, జి, ఎ లు స రి గ ప ద, అంటే మోహన రాగపు స్వరాలు. వీటిలో పక్కపక్కన అరస్వరం దూరం ఎక్కడా లేదు కాబట్టి ఏ రెండు కలిసి మోగినా చెవికి గుచ్చుకోదు. పిల్లలు తమకు తోచింది వాయించినా వినసొంపుగానే ఉంటుంది. తర్వాత సి, ఎఫ్ లు దాచి జి ని 'స' చేసుకుంటే అవే గొట్టాలతో జి, ఎ, బి, డి, ఇ దొరుకుతాయి. అప్పుడు డి, ఇ గొట్టాలు మంద్ర పంచమం, మంద్ర ధైవతం అవుతాయి. కిందికి దిగే పాటలకు ఇదే సరైన అమరిక.

లయ

జతులు, అంటే లయను పలికే అక్షరాల ముక్కలు, నోటితో మొదలుపెట్టండి. తకిట మూడు, తకధిమి నాలుగు, తకతకిట ఐదు, తకిట తకధిమి ఏడు. నోరు పలికాక చప్పట్లు, తర్వాత అడుగులు, చివరకే వాయిద్యం. ముందే వాయిద్యం ఇస్తే చప్పుడే మిగులుతుంది. ఆది తాళం ఎనిమిది దెబ్బలు నిమిషానికి 80 వేగంలో నడవనివ్వండి. అంతకంటే మెల్లగా వేస్తే చిన్నపిల్లలు ఆగలేక ముందుకు పోతారు.

లయ కుదిరిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. అందరూ చప్పట్లు వేస్తుండగా చెయ్యి ఎత్తి ఆపండి, ఎనిమిది దెబ్బలు మనసులోనే లెక్కపెట్టమనండి. తొమ్మిదో దెబ్బ అందరిదీ ఒకేసారి పడాలి. ముందే పడితే పరుగు ఉన్నట్టు.

వాయిద్యాలకు పెద్ద ఖర్చక్కర్లేదు. ఒకటిన్నర సెంటీమీటర్ల మందం, 30 సెంటీమీటర్ల పొడవున్న కర్రముక్కల జతలు చాలు. బకెట్టును బోర్లించి డోలుగా వాడితే, దాని అంచు కింద రెండు చెక్కముక్కలు పెట్టి రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తండి. నేలకు అతుక్కుంటే ధ్వని లోపలే చచ్చిపోతుంది. సన్న గులకరాళ్లు పోసిన సీసాలను ఐదో వంతు మించి నింపకూడదు. ఇవి ఎప్పుడూ ఆలస్యంగానే మోగుతాయి, రాళ్లు అవతలి గోడకు తగలాలి కదా. సీసాను ఊపకుండా, బల్ల మీద పిడికిలితో కొట్టినట్టు కురచగా కదిపి ఆపమనండి, ఆలస్యం పోతుంది.

మూడు తరగతులు, ఒకే పాట

వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉండటం ఇబ్బందే, కానీ పాటకు అది కలిసొస్తుంది. పాటను పొరలుగా విడదీయండి. అడుగు పొర స ప లు, అంటే మూత గొట్టాలు రెండు. ఇవి తాళం మొదటి దెబ్బకు, ఐదో దెబ్బకు మోగితే చాలు కాబట్టి చిన్నవాళ్లకు ఇవ్వండి. దాని మీద నాలుగు దెబ్బల చిన్న స్వరపు ముక్క, ఉదాహరణకు 'గ ప గ రి', మారకుండా తిరుగుతూ ఉంటుంది, అది నడిమి తరగతికి. పల్లవి అందరూ, చరణం పెద్దవాళ్లు పాడతారు. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్, గునిల్డ్ కేట్‌మన్ పిల్లల కోసం రూపొందించిన పద్ధతి ఇలాంటి పొరల మీదే నిలబడింది.

ముప్పై మంది ఉంటే పదిమందికి గొట్టాలు, ఎనిమిది మందికి లయ, పన్నెండు మందికి పాట. ప్రతి వారం గుంపులు మారాలి. ఒకే పిల్లవాడు ఏడాదంతా ఒకే గొట్టం పట్టుకుంటే నేర్చుకునేది ఎప్పుడు కొట్టాలో ఒక్కటే.

పొరలను ఒక్కొక్కటిగా ఎక్కించండి. కింది పొర రెండు ఆవర్తాలు (తాళపు చుట్లు) కదలకుండా నిలిచాకే తర్వాతిది. తప్పు వస్తే మొత్తం ఆపకుండా పై పొర ఒక్కటే దించేయండి.

స్వరాలను చేతితో చూపించడం కూడా ఉపయోగపడుతుంది. ఇంగ్లండులో జాన్ కర్వెన్ 19వ శతాబ్దంలో వాడుకలోకి తెచ్చిన గుర్తులను హంగరీలో కొడాయ్ బోధన పద్ధతి అందిపుచ్చుకుంది. స కు నడుము దగ్గర పిడికిలి, గ కు నేలకు సమంగా అరచెయ్యి, ప కు మన వైపు తిప్పిన అరచెయ్యి, తార స కు తల ఎత్తులో మళ్లీ పిడికిలి. మొదట ఈ నాలుగే వాడండి. చెయ్యి పైకి పోతుంటే గొంతూ వెంట వెళుతుంది.

రికార్డర్ ఎప్పుడు

రికార్డర్ అంటే ఇక్కడ పిల్లనగ్రోవిలా ఊదే వాయిద్యం. తొమ్మిదేళ్లు దాటాక మొదలుపెట్టండి. ప్లాస్టిక్ సొప్రానో రికార్డరే చాలు, కానీ అందరివీ ఒకే రకంగా ఉండాలి. బరోక్, జర్మన్ అని రెండు వేళ్ల అమరికలున్నాయి. ఎఫ్ స్వరానికి రెంటిలో వేళ్లు వేరు, కలిపి కొంటే తరగతి గందరగోళమే. జర్మన్‌లో ఎఫ్ తేలిక, కానీ దానిపై అరస్వరం శ్రుతిగా రాదు, అందుకే బరోక్ తీసుకోండి. ఎడమ చెయ్యి పైన ఉండాలి. బి, ఎ, జి మూడు స్వరాలతోనే ఒక నెల గడపండి. కీచుమంటే రెండే కారణాలు: రంధ్రం పూర్తిగా మూతపడలేదు, లేదా గాలి ఎక్కువైంది. వేలికొస మీద రంధ్రపు గుండ్రటి అచ్చు పూర్తిగా పడిందో లేదో చూస్తే మొదటిది తెలుస్తుంది. ఒకరిది ఇంకొకరు ఊదకూడదు.

వేదిక ఎక్కేటప్పుడు

ఇరవై ఐదు నిమిషాలు మించొద్దు. ఆరుబయట పాడితే గొంతు తిరిగి చెవికి రాదు. పిల్లలకు తమ పాట వినబడక అరుస్తారు, అరుస్తూ వేగం పెంచుతారు. వెనక గోడ ఉన్న చోట, అర్ధచంద్రాకారంలో దగ్గరగా నిలబెట్టండి, వారం ముందు నుంచి ఆరుబయటే సాధన చేయించండి. మైకును ముందు వరుసకు మీటరు దూరంలో, తలలకంటే కొంచెం ఎత్తులో పెట్టాలి. స్పీకర్లు మైకు కంటే ముందు, ప్రేక్షకుల వైపు తిరిగి ఉంటే కూత రాదు. పోటీకి వెళ్తే మనుషుల సంఖ్య, సమయం, రికార్డు చేసిన సంగీతం వాడొచ్చా లేదా అనే మూడు నిబంధనలు పాట ఎంచుకునే ముందే చదవండి. ఫొటోలు, వీడియోలు బయట పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి.

సాధించింది రాసిపెట్టడం

బహుమతి ఒక్కటే విజయం అనుకుంటే బహుమతి రాని ఏడాదికి రాయడానికి ఏమీ ఉండదు. ఒక్కో పిల్లవాడికి నాలుగు గళ్లు గీయండి: ఇచ్చిన స్వరంతో గొంతు కలిపాడా, ఐదు స్వరాల ముక్కను విని పాడాడా, ఎనిమిది దెబ్బల మౌన పరీక్షలో నిలిచాడా, పక్కవాళ్లు వేరే పొర వాయిస్తుంటే తన పొర నిలబెట్టుకున్నాడా. ఏడాది మొదటి నెలలో, మధ్యలో, చివరలో మూడుసార్లు తేదీతో నింపండి. అదే పాటను అదే గదిలో, ఫోనును అదే చోట, రెండు మీటర్ల దూరంలో పెట్టి మూడుసార్లూ రికార్డు చేయండి. చోటు మారితే పోలిక చెడుతుంది. నివేదికలో 'కార్యక్రమం అద్భుతంగా జరిగింది' అని కాకుండా, ఎంతమందిలో ఎంతమంది తమ పొర నిలబెట్టుకున్నారో అంకె రాయండి.

ఇంకో పుస్తకం పాటలకు. టీచర్లు బదిలీ అయితే పాటలూ వాళ్లతోనే పోతాయి, తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పాటకో పేజీ పెట్టి పాట మాటలు, 'స' ఎక్కడ పెట్టారు, ఎత్తుగడ స్వరం, తాళం, వేగం, పొరల స్వరాలు, ఏ గొట్టాలు కావాలి, ఏ చోట పిల్లలు తడబడతారు అనేవి రాయండి. గొట్టాల మీద స్వరం పేరు, పొడవు చెరగని సిరాతో రాసి, పొట్టివాటిని పొడుగువాటి లోపల దూర్చకుండా పక్కపక్కన కట్టి నీడలో ఉంచండి. ఎండకు పీవీసీ వంగిపోతుంది.